రేషియో సరిగ్గానే ఉందట, మరి మా వాడు బయట ఎలా ఉండిపోయాడు? (డాలస్ వైపు డేకేర్)

ప్రశ్న: బుడ్డోడి అమ్మ, ఫ్రిస్కో

నమస్తే అండీ. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా వాడికి రెండేళ్ల ఎనిమిది నెలలు. ఏడాదిగా ఇక్కడే ఒక పెద్ద డేకేర్‌కి వెళ్తున్నాడు. పేరు రాయను, అడగొద్దు. మొన్న మంగళవారం ఐదున్నరకి పికప్‌కి వెళ్తే ఫ్రంట్ డెస్క్ అమ్మాయి ఒక గులాబీ రంగు కాగితం ఇచ్చి సంతకం పెట్టమంది. ఎవరో కొరికారనో, మోకాలు గీసుకుందనో నెలకోసారి వచ్చే కాగితమే కదా అని చదవకుండానే పెట్టేశా. వాణ్ని కార్ సీట్లో కట్టి, ఏసీ వేసి, అప్పుడు చదివా. "4:10కి క్లాసు ప్లేగ్రౌండ్ నుంచి లోపలికి వచ్చేటప్పుడు పిల్లవాడు కొద్దిసేపు బయట ఉండిపోయాడు. గాయాలు లేవు." అంతే, రెండు లైన్లు.

మళ్లీ దింపుకుని లోపలికి వెళ్లా. డైరెక్టర్ చాలా మర్యాదగానే మాట్లాడింది. "నాలుగు నిమిషాలు, అంతకన్నా ఉండదు. స్లైడ్ కింద ప్లాస్టిక్ ఇల్లుంది కదా, అందులో కూర్చున్నాడు, టీచర్లకి కనపడలేదు. వేరే పిల్లాడి నాన్న పార్కింగ్‌లోంచి ఫెన్స్ దగ్గర చూసి బెల్ కొట్టారు. మేం రేషియోలోనే ఉన్నాం, పదిహేడు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు." ఈ "రేషియోలోనే ఉన్నాం" అన్న మాట మూడు సార్లు చెప్పింది. ఆ రోజు 97 డిగ్రీలండీ బయట.

రాత్రి స్నానం చేయిస్తుంటే వాడే మొదలుపెట్టాడు. "డోర్ లాక్ అమ్మా. నేను నాక్ నాక్ అన్నా." గుప్పిట బిగించి టబ్ అంచు మీద కొట్టి చూపించాడు, రెండు సార్లు కొట్టి ఆగి, మళ్లీ రెండు సార్లు. నేర్పించింది నేనే, బాత్రూంలో ఎవరైనా ఉంటే అలా కొట్టాలిరా అని.

వాడు పడుకున్నాక లైసెన్సింగ్ వాళ్ల (డేకేర్లకి లైసెన్స్ ఇచ్చి తనిఖీ చేసే రాష్ట్ర శాఖ) వెబ్‌సైట్ తెరిచా. చేర్పించేముందు చూడాల్సింది, చూడలేదు. అడిగితే నా దగ్గర జవాబు లేదు, గూగుల్‌లో 4.7 ఉందని చేర్పించేశాం. అక్కడ మా సెంటర్ పేరు కింద పద్నాలుగు డెఫిషియెన్సీలు, అంటే రూల్స్ తప్పిన లోపాలు, ఉన్నాయి. పద్నాలుగు అంటే ఎక్కువా తక్కువా కూడా నాకు తెలీదు. మా ఆయనేమో "అన్ని చోట్లా ఇంతే ఉంటాయి, నువ్వు టెన్షన్ పడి వాణ్ని టెన్షన్ పెట్టకు" అంటారు. బాపట్లలో మా అత్తయ్య విషయం తెలిసిన దగ్గర్నుంచి ఫోన్లో ఏడుపే, వీసా స్లాట్ దొరికితే రేపే వస్తానంటారు.

అడగాలనుకున్నవి నాలుగు. ఆ లిస్టు ఎలా చదవాలి? మనం కంప్లయింట్ ఇస్తే వాడి మీద కక్ష పెట్టుకుంటారా? మాది హెచ్1బి ఉద్యోగ వీసా, దానికేమైనా ఇబ్బందా? ఇంకో సెంటర్లో వెయిట్‌లిస్ట్ నాలుగు నెలలంటున్నారు. అప్పటిదాకా వాణ్ని అక్కడికి పంపాలా వద్దా?


జవాబు: తెనాలి టు టెక్సాస్

అమ్మా, నాలుగు నిమిషాలో నలభై నిమిషాలో ఎవరు చూశారు? రేపే మాన్పించండి. మంచి లాయర్ని పట్టుకోండి. ఈ దేశంలో లాయర్ నోటీసుకున్న భయం దేవుడిక్కూడా లేదు.


జవాబు: పాత డేకేర్ టీచర్, అర్వింగ్

బుడ్డోడి అమ్మగారూ, ముందు మీరు ఒక ముద్ద తిని పడుకోండి. లాయర్ సంగతి తర్వాత.

నేను హెచ్4 ఈఏడీ (హెచ్1బి వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) వచ్చాక ఆరేళ్లు ఒక డేకేర్‌లో చేశాను. నాలుగేళ్లు రెండేళ్ల పిల్లల రూములో, తర్వాత రెండేళ్లు అసిస్టెంట్ డైరెక్టర్‌గా. అంటే మీకు గులాబీ కాగితం ఇచ్చిన డెస్క్ వెనకాల నేనూ కూర్చున్నాను. కాబట్టి అటువైపు నుంచి చెప్తాను.

మీ డైరెక్టర్ చెప్పిన రేషియో అబద్ధం కాదు. టెక్సాస్‌లో రెండేళ్ల పిల్లలకి ఒక టీచర్‌కి పదకొండు మంది దాకా ఉండొచ్చు, ఇద్దరు టీచర్లుంటే గ్రూపులో ఇరవై రెండు. పదిహేడు మందికి ఇద్దరంటే లెక్క ప్రకారం ఖాళీ కూడా ఉంది. పదకొండు మంది రెండేళ్ల వాళ్లు ఒక్క మనిషికి! ఇంట్లో ఒక్కణ్ని చూసుకోడానికే మనకి తల ప్రాణం తోకకొస్తుంది. ఏడాది నిండని పసివాళ్లయితే నలుగురికి ఒకరు, ఏడాది నుంచి ఏడాదిన్నర లోపైతే ఐదుగురికి ఒకరు. ఏడాదిన్నర దాటిందంటే ఒక్కసారిగా తొమ్మిదికి వెళ్లిపోతుంది. మూడేళ్లకి పదిహేను. ఈ నంబర్లు ఎవరు పెట్టారో గానీ వాళ్లు ఒక్క రోజు పాటీ ట్రైనింగ్ రూములో కూర్చుని ఉంటే బాగుండేది.

అయితే రేషియో ఒక రూలు, సూపర్‌విజన్ ఇంకో రూలు. పేరెంట్స్ ఎవరికీ ఈ తేడా తెలీదు, సెంటర్ల వాళ్లూ చెప్పరు. రాష్ట్రం పెట్టిన మినిమమ్ స్టాండర్డ్స్‌లో, సెంటర్లకి వర్తించేది 746 చాప్టర్, సూపర్‌విజన్ అంటే ఏమిటో విడిగా రాసుంది. ఈ పిల్లాడి బాధ్యత ఈ టీచర్‌ది అని ఉండాలి. ఆ టీచర్‌కి వాడు ఇప్పుడేం చేస్తున్నాడో తెలియాలి, కంటికో చెవికో అందుతుండాలి, అవసరమైతే వెళ్లి పట్టుకునేంత దగ్గర్లో ఉండాలి. మీ వాడు తలుపు కొడుతున్నప్పుడు ఈ మూడింట్లో ఒక్కటైనా ఉందా? అందుకే "రేషియోలోనే ఉన్నాం" అన్నది మీ ప్రశ్నకి జవాబే కాదు. మీరు అడిగింది వాణ్ని ఎవరు చూస్తున్నారని. ఆవిడ చెప్పింది జీతానికి ఎంతమంది ఉన్నారని.

ఇంకో సంగతి. చిన్న దెబ్బలు, గీతలు, పక్క పిల్లలు కొరికినవి పికప్ టైములో చెప్తే చాలు. కానీ పిల్లాణ్ని ప్రమాదంలో పడేసే సంఘటన ఏదైనా జరిగితే, పిల్లాడు క్షేమం అని చూసుకున్న వెంటనే పేరెంట్‌కి చెప్పాలి. వాళ్లు లైసెన్సింగ్‌కి కూడా చెప్పాలి. దీనికి ఆ రూల్లోనే ఇచ్చిన ఉదాహరణలు ఏమిటో తెలుసా? సెంటర్ వ్యాన్లో పిల్లాణ్ని మర్చిపోవడం, ప్లేగ్రౌండ్‌లో మర్చిపోవడం. అచ్చం మీ కేసే. నాలుగుంపావుకి మీ ఫోన్ మోగాలి. ఐదున్నరకి గులాబీ కాగితం ఇచ్చారంటే, దాన్ని మోకాలి గీత లెక్కలో వేశారన్నమాట.

రేపు వెళ్లి ఒక్కటే అడగండి, "మీరు లైసెన్సింగ్‌కి రిపోర్ట్ చేశారా?" అని. నోటితో కాదు, ఈమెయిల్లో. ఆ జవాబు చూశాక మిగతాది ఆలోచించొచ్చు.

ఇప్పుడు ఆ పద్నాలుగు సంగతి. నంబర్ చూసి గాభరా పడకండి. లైసెన్స్ ఉన్న సెంటర్‌కి ఏడాదికి ఒక్కసారైనా చెప్పకుండా ఇన్‌స్పెక్షన్‌కి వస్తారు, కంప్లయింట్ వస్తే మధ్యలో కూడా వస్తారు. నా అనుభవంలో ఒక్క లోపమైనా రాయకుండా వెళ్లిన ఇన్‌స్పెక్టర్ తక్కువ. ఆవిడ రాగానే చేసే మొదటి పని ప్రతి రూము గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టడం. మా సెంటర్లో ఆవిడ కారు కనపడగానే వాకీటాకీలో "జిరాక్స్ మెషీన్ బాగుచేసే ఆయన వచ్చారు" అని కోడ్ చెప్పేవాళ్లు. అంతే, ఆఫీసులో ఉన్న మేమంతా తలా ఒక రూములోకి వెళ్లి పిల్లల మధ్య కూర్చునేవాళ్లం. సిగ్గుపడుతూనే చెప్తున్నా, నేనూ కూర్చున్నాను.

తర్వాత ఫైళ్లు. టీచర్ల వేలిముద్రల చెక్, సీపీఆర్ కార్డు, ఏడాదికి 24 గంటల ట్రైనింగ్ సర్టిఫికెట్లు. నెలనెలా ఫైర్ డ్రిల్ చేశారా, పిల్లలు మూడు నిమిషాల్లో బయటికొచ్చారా అని లాగ్ చూస్తారు. పసివాళ్ల రూములో ఉయ్యాల మంచంలో దుప్పటి గానీ దిండు గానీ బొమ్మ గానీ ఉందా, వెల్లకిలా పడుకోబెట్టారా అని చూస్తారు. మన వాళ్లు చాలామంది "మా పాపకి దుప్పటి కప్పకపోతే నిద్రపట్టదు" అని ఇంటినుంచి తెచ్చిచ్చేవాళ్లు, వెనక్కి పంపిస్తే కోపాలు. బయట ఫెన్స్ కనీసం నాలుగడుగులు ఉందా, ఆట సామాన్ల సందుల్లో తల ఇరుక్కునే చోటు ఉందా, అంటే మూడున్నర నుంచి తొమ్మిది అంగుళాల మధ్య సందు ఉందా అని టేపు పెట్టి కొలుస్తారు.

లిస్టులో ప్రతి లోపానికీ పక్కన ఒక వెయిట్ ఉంటుంది, హై, మీడియం హై, మీడియం, మీడియం లో, లో అని. కింద ఉన్నవన్నీ చాలావరకు కాగితాలు, ప్లగ్ కవర్లు, గడువైపోయిన బ్యాండ్‌ఎయిడ్లు. వాటిని వదిలేయండి. హై అని ఉన్నవి తీసి తేదీలతో ఒక కాగితం మీద రాసుకోండి. ఒకే తప్పు రెండోసారి వచ్చిందా చూడండి. నా లెక్కలో ఇరవై చిన్న లోపాలున్న సెంటర్ కన్నా, సూపర్‌విజన్ మీద ఏడాదిలో రెండుసార్లు హై పడిన సెంటర్ భయంకరం. మీ పద్నాలుగులో అలాంటివి ఎన్నో ఇక్కడ రాయండి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తా, ఎందుకంటే మీ వాడు ఎలా ఉండిపోయాడో నాకు అర్థమైందనిపిస్తోంది. నా నాలుగో నెలలో, నా గ్రూపులో తొమ్మిది మంది. ప్లేగ్రౌండ్ నుంచి లైను కట్టించి, గుమ్మం దగ్గర తల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టా. ఒకటి, రెండు, తొమ్మిది. లోపలికి తీసుకెళ్లి చేతులు కడిగిస్తుంటే పక్క రూము టీచర్ వచ్చి "మా రోజా మీ లైన్లో వచ్చేసిందా?" అంది. వచ్చేసింది. మరి నా తొమ్మిదో పిల్లాడెక్కడ? మూడు చక్రాల సైకిళ్లు పెట్టే షెడ్డు వెనకాల కూర్చుని చీమల్ని చూస్తున్నాడు. మూడు నిమిషాలు పట్టింది నేను పరిగెత్తి వెళ్లేసరికి. నా లెక్క తప్పు కాదండీ, తొమ్మిదికి తొమ్మిది తలలున్నాయి. తలలే వేరే వాళ్లవి.

అందుకే ఇప్పుడు మంచి సెంటర్లలో తలలు లెక్కపెట్టరు, పేర్లు పిలుస్తారు. నేమ్ టు ఫేస్ అంటారు. గుమ్మం పక్కన కొక్కేనికి క్లిప్‌బోర్డ్ వేలాడుతుంది. గుమ్మం దాటినప్పుడల్లా ఒక్కొక్క పేరూ పిలిచి, మొహం చూసి, టిక్కు పెట్టి, టైము వేయాలి. బయటికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయట మధ్యలో ఒకసారి, లోపలికి వచ్చేముందు ఒకసారి. వచ్చేముందు స్లైడ్ కింద, ప్లాస్టిక్ ఇంట్లో, గొట్టంలో వంగి చూడాలి.

మీరు వెళ్లినప్పుడు ఆ షీట్ చూడండి. అన్ని టిక్కులూ ఒకే పెన్నుతో, ఒకే వాలులో, ముత్యాల్లా ఉన్నాయంటే రోజు చివర్లో కూర్చుని నింపినవి. అంతకన్నా ఘోరం, ముందే నింపేసినవి. నిజంగా పెట్టిన టిక్కులు వంకర టింకరగా ఉంటాయి, ఒకదాని మీద జ్యూస్ మరక ఉంటుంది.

కంప్లయింట్ విషయం. టెక్సాస్ అబ్యూజ్ హాట్‌లైన్ 1-800-252-5400, రాత్రీ పగలూ ఉంటుంది. డేకేర్ విషయాలు అక్కణ్నుంచి లైసెన్సింగ్‌కి వెళ్తాయి. మీ పేరు అడుగుతారు, బయటపెట్టరు. కానీ నిజం చెప్పాలంటే, ప్లేగ్రౌండ్‌లో ఉండిపోయిన పిల్లాడు ఒక్కడే కాబట్టి ఫోన్ చేసిందెవరో డైరెక్టర్‌కి ఊహించడం కష్టం కాదు. అయినా మీకు చట్టం ఉంది. 2023లో పేరెంట్స్ హక్కులని ఒక చట్టం వచ్చింది. సెంటర్ తెరిచి ఉన్న వేళల్లో చెప్పకుండా లోపలికి వెళ్లొచ్చు. మీ పిల్లాడి రికార్డులు చూడొచ్చు. పిల్లాడి విషయంలో అబ్యూజ్ గానీ నెగ్లెక్ట్ గానీ జరిగిందన్న ఆరోపణ ఉంటే, వాళ్ల దగ్గర వీడియో ఉంటే, అది చూపించమని అడగొచ్చు, వేరే పిల్లలు కనపడే భాగం మాత్రం ఉంచుకోనివ్వరు. కంప్లయింట్ ఇచ్చారని కక్ష సాధించకూడదని కూడా అందులోనే ఉంది. హెచ్1బికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, అది మనసులోంచి తీసేయండి. మన వాళ్లు ఈ భయంతోనే సగం విషయాలు మింగేస్తారు.


జవాబు: కూకట్‌పల్లి టు కాపెల్

అక్కా, ఇవన్నీ ఎందుకు, మా సబ్‌డివిజన్లో ఒక తెలుగు ఆంటీ ఇంట్లోనే చూసుకుంటారు. పప్పన్నం, నెయ్యి, పెరుగు. తెలుగులోనే మాట్లాడతారు. మా పాప ఏడాదిన్నర నుంచి అక్కడే. ఏ కాగితాలూ లేవు, ఏ గొడవా లేదు. డీఎం చేస్తే నంబర్ ఇస్తా.


జవాబు: పాత డేకేర్ టీచర్, అర్వింగ్

ఆంటీ మంచివారే అయ్యుంటారు, నేనేం అనను. పప్పన్నం విషయంలో ఏ సెంటరూ ఆవిడ ముందు నిలబడదు, మా సెంటర్లో వారానికి మూడు రోజులు చికెన్ నగ్గెట్సే.

కానీ ఏ కాగితాలూ లేవన్నారు చూశారా, అక్కడ కాస్త ఆగండి. ఇంట్లో పిల్లల్ని డబ్బు తీసుకుని చూసుకోవడంలో ఇక్కడ మూడు మెట్లున్నాయి. బయటి పిల్లలు ముగ్గురి దాకా అయితే లిస్టెడ్ హోమ్. ఆరుగురి దాకా, పైన స్కూలు నుంచి వచ్చే పిల్లలు కొందరు కలిస్తే రిజిస్టర్డ్. పన్నెండు దాకా అయితే లైసెన్స్‌డ్ హోమ్. లిస్టెడ్ ఇంటికి రొటీన్ ఇన్‌స్పెక్షన్లు ఉండవు, ఎవరైనా కంప్లయింట్ చేస్తేనే వస్తారు. అంటే గొడవ లేదంటే గొడవ లేదని కాదు, చూసినవాళ్లు లేరని. ఆంటీ దగ్గర మొత్తం ఎంతమంది పిల్లలున్నారు? ఇంట్లో ఆవిడ కాకుండా ఇంకెవరైనా ఉన్నారా? వెనక స్విమ్మింగ్ పూల్ ఉంటే తలుపుకి గొళ్లెం ఏ ఎత్తులో ఉంది? ఆవిడకి కళ్లు తిరిగి పడిపోతే 911కి ఫోన్ చేసేదెవరు? పెరుగన్నం తింటూ అడగొచ్చు ఇవి, ఏం తప్పులేదు.


జవాబు: కూకట్‌పల్లి టు కాపెల్

ఐదుగురున్నారు. మా పాపతో కలిపి. ఇంట్లో ఆవిడొక్కరే. ఇప్పటిదాకా ఆలోచించలేదు. రేపు అడుగుతా.


జవాబు: మియాపూర్ తల్లి

ఇక్కడ హైదరాబాద్ నుంచి చదువుతున్నా, మాట్లాడొచ్చా? మీరు పద్నాలుగు లోపాలున్నాయని బాధపడుతుంటే నాకు కొంచెం అసూయగా ఉంది. తిట్టుకోడానికైనా మీకో కాగితం ఉంది.

మా పాప కోసం నేను మూడు చోట్లు తిరిగా. ఒకటి అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో. బాల్కనీకి గ్రిల్ ఉంది, కానీ అడ్డ చువ్వలు, పిల్లలు నిచ్చెనలా ఎక్కేయొచ్చు. ఆడుకునే చాప వెనక కర్టెన్ పక్కకి జరిపితే గ్యాస్ సిలిండర్. "ఇన్‌స్పెక్షన్‌కి ఎవరైనా వస్తారా?" అంటే మేడమ్ "మాది చాలా పేరున్న బ్రాంచ్ అండీ" అంది. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఎంత దూరమో చూడండి.

రూల్స్ లేక కాదు. ప్లేస్కూళ్లకి జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇరవై మంది పిల్లలకి ఒక టీచర్, ఒక ఆయా, చుట్టూ ప్రహరీ, సీసీటీవీ, పిల్లల ఎత్తుకి టాయిలెట్ అన్నీ ఉన్నాయందులో. 2017లో ప్రసూతి చట్టం సవరించి యాభై మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న ఆఫీసులకి క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలన్నారు, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. ఆ క్రెష్‌లు ఎలా ఉండాలో 2018లో కేంద్రం చెప్పింది, మూడేళ్ల లోపు పిల్లలైతే పది మందికి ఒకరు. మా ఆఫీసులో ఆ పేపర్ ప్రింట్ తీసుకెళ్లి హెచ్ఆర్‌కి ఇచ్చా. ఆవిడే మొదటిసారి చూశానంది. పాపం, ఆవిడకీ ఏడాది పాప ఉంది.

పాత టీచర్ గారూ, మీరు చెప్పిన ఆ పేర్లు పిలిచే పద్ధతి ఇక్కడ మా సెంటర్లో అడుగుతా. దానికి డబ్బు ఖర్చేం లేదు కదా.


జవాబు: పాత డేకేర్ టీచర్, అర్వింగ్

క్లిప్‌బోర్డ్ ఖర్చు. అడ్డ చువ్వల సంగతి మాత్రం ఈ రోజే రాతపూర్వకంగా ఇవ్వండి, ఆగొద్దు.


జవాబు: తెనాలి టు టెక్సాస్

లాయర్ గురించి నేను చెప్పింది వెనక్కి తీసుకుంటున్నా. టీచర్ గారి పోస్టు మా ఆవిడకి పంపా. ఇద్దరం కూర్చుని మా వాడి సెంటర్ లిస్టు చదివాం. హై ఒకటుంది, రెండేళ్ల కిందటిది, వ్యాన్ గురించి. మేం చేర్చిన నెల తర్వాత జరిగింది. మాకెవరూ చెప్పలేదు.


జవాబు: బుడ్డోడి అమ్మ, ఫ్రిస్కో

అందరికీ థాంక్స్. మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పి ముగిస్తా.

లిస్టులో పద్నాలుగింట్లో హై రెండు. రెండూ సూపర్‌విజనే, పదకొండు నెలల తేడాతో. మొదటిదీ ప్లేగ్రౌండే. మా ఆయనకి చూపించా. ఏమీ మాట్లాడలేదు, లేచి వెళ్లి వాడి రూములో నిలబడ్డారు కాసేపు.

ఈమెయిల్ పెట్టా, లైసెన్సింగ్‌కి చెప్పారా అని. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు "మా అంతర్గత పద్ధతుల ప్రకారం సమీక్షిస్తున్నాం" అని వచ్చింది. ఆ రాత్రే హాట్‌లైన్‌కి ఫోన్ చేశా. చెయ్యి వణికింది గానీ అటువైపు ఆవిడ చాలా నెమ్మదిగా అడిగింది, వాడు ఏం మాటలన్నాడో వాడి మాటల్లోనే చెప్పమంది. నాక్ నాక్ అని చెప్తుంటే నాకే గొంతు పట్టేసింది.

ఇన్‌స్పెక్టర్ చెప్పకుండా వెళ్లారు, నాకు తర్వాత ఫోన్ చేశారు. వీడియో అడిగితే డైరెక్టర్ ముందు కుదరదంది. చట్టం పేరు చెప్పాక ఆఫీసులో కూర్చోబెట్టి చూపించింది. నాలుగు నిమిషాలు కాదండీ, తొమ్మిది. ఆరో నిమిషంలో వాడు తలుపు దగ్గరికొచ్చాడు. కెమెరాకి శబ్దం లేదు. వాడు కొట్టి, ఆగి, అద్దంలోకి చూసి, మళ్లీ కొట్టడం మాత్రం కనపడింది. మేం నేర్పినట్టే రెండేసి సార్లు. ఎవరో లోపల ఉన్నారనుకుని మర్యాదగా ఆగుతున్నాడు.

ఇప్పుడు వెబ్‌సైట్‌లో పదిహేనోది ఎక్కింది. హై. ఒకే ఒక్క వాక్యం, ఒక పిల్లవాడిని పర్యవేక్షణ లేకుండా వదిలారని.

ఇందులో నాకు బాధనిపించింది ఆ టీచర్ విషయం. పెద్దావిడ, వాణ్ని ఎత్తుకుని నిద్రపుచ్చేది. మొత్తం సెంటర్లో నాకు సారీ చెప్పింది ఆవిడొక్కతే, పార్కింగ్‌లో కారు దాకా వచ్చి ఏడ్చింది. ఆ రోజు ఇద్దరు టీచర్లలో రెండో ఆమె ఒక పిల్లాడి డయపర్ మార్చడానికి లోపలికి వెళ్లిందట, లైను కట్టించింది ఈవిడొక్కతే. అంటే ఆ గుమ్మం దగ్గర పదహారు మందికి ఒకరు. మరుసటి వారం ఆవిడ్ని తీసేశారు. డైరెక్టర్ నాకు మెయిల్ పెట్టింది, "సంబంధిత సిబ్బందిపై చర్య తీసుకున్నాం, ఇకమీదట ప్రతి మార్పిడి సమయంలో నేమ్ టు ఫేస్ తప్పనిసరి" అని. షీట్ ఫోటో కూడా పంపింది.

వెయిట్‌లిస్ట్ చోటు అనుకోకుండా ముందే వచ్చింది. డిపాజిట్ ఇక్కడ వదులుకోవాలి, రెండు వారాల నోటీసు కూడా. మా ఆయన "ఇప్పుడు వీళ్లు జాగ్రత్తపడ్డారు కదా, ఇక్కడే ఉంచుదామా" అన్నారు. వాడికి స్నేహితులు కూడా ఉన్నారిక్కడ. నాకూ కాస్త ఊగిసలాటే.

మొన్న గురువారం మీటింగ్ క్యాన్సిలైతే, టీచర్ గారు చెప్పారు కదా అని, చెప్పకుండా వెళ్లా. 4:05. రూము ఖాళీ, క్లాసంతా ఇంకా బయటే ఉంది, కిటికీలోంచి కనపడుతున్నారు. కొత్తమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయేమో, వాటర్ బాటిళ్లు సర్దుతోంది. గుమ్మం పక్కన కొక్కేనికి కొత్త క్లిప్‌బోర్డ్. మా వాడి పేరు ఆరోది. "లోపలికి, 4:15" అన్న గడిలో పదిహేడు టిక్కులూ పడి ఉన్నాయి, ఒకే పెన్ను, ఒకే వాలు.

ఫోటో తీసి లైసెన్సింగ్ ఆవిడకి పంపా. సోమవారం నుంచి కొత్త చోటు. అక్కడ గుమ్మం దగ్గర ఇరవై నిమిషాలు నిలబడి చూశాకే సంతకం పెట్టా, ఈసారి చదివి.